ప్లాస్టిక్ ఫిలిం సాగదీసే యంత్రాలు: ఎండీఓ, టెంటర్, బబుల్ పద్ధతుల్లో మీకు నప్పేది ఏది?

ఫిలిం సాగదీసే యంత్రం కొనాలనుకున్నవారికి ముందుగా కనిపించేవి రెండు అంకెలు: ఎన్ని రెట్లు సాగదీస్తుంది, నిమిషానికి ఎన్ని మీటర్లు నడుస్తుంది. ఆ రెండూ తెలుసుకోవలసినవే. అయితే ఎంపికను వాటితో మొదలుపెడితే తప్పు యంత్రం వచ్చి కూర్చుంటుంది. ఫిలిం ఏ దిశలో బలంగా ఉండాలి, వేడి తగిలితే ముడుచుకోవాలా వద్దా, ఒకే రకం సరుకు ఎంతకాలం ఏకబిగిన నడుస్తుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు తేలితే, ఎన్ని రెట్లు, ఎంత వేగం అన్నవి వాటి వెంటే తేలతాయి. ఎండీఓ (మెషీన్ డైరెక్షన్ ఓరియెంటేషన్) ఫిలింను రోలర్ల మీద అది నడిచే దిశలో, అంటే పొడవునా సాగదీస్తుంది. టెంటర్ అంచులను క్లిప్పులతో పట్టుకుని ఓవెన్‌లో సాగదీస్తుంది. బబుల్ పద్ధతి గొట్టంలాంటి ఫిలింను గాలితో ఉబ్బించి సాగదీస్తుంది.

డై (కరిగిన ప్లాస్టిక్‌ను ఫిలింగా బయటికి వదిలే అచ్చు) నుంచి వచ్చి చల్లబడిన ఫిలింలో పాలిమర్ గొలుసులు చిక్కుపడి ఉంటాయి. కరిగే ఉష్ణోగ్రతకు దిగువన, మెత్తబడేంతగా మళ్లీ వేడిచేసి లాగితే అవి లాగిన దిశలో బారులు తీరుతాయి. ఫిలిం బిగువు, బలం పెరుగుతాయి. సాధారణంగా పారదర్శకత కూడా మెరుగవుతుంది, ఆక్సిజన్, తేమ దాటిపోవడం తగ్గుతుంది. కరిగిన ప్లాస్టిక్‌ను గాలితో ఊది చేసే మామూలు బ్లోన్ ఫిలింలోనూ బుడగ సాగుతుంది కదా అనిపించవచ్చు. అక్కడ ఆ పని కరిగిన స్థితిలోనే జరుగుతుంది కాబట్టి గొలుసులు చాలావరకు తిరిగి సడలిపోతాయి. ఇక్కడ మాట్లాడుతున్నది గట్టిపడిన ఫిలింను సాగదీయడం గురించి.

## ముందు తేల్చుకోవలసినవి

దిశ. టేపులకు, నేసిన సంచుల దారానికి బలం పొడవునా ఉంటే చాలు. చిరుతిళ్ల ప్యాకెట్టుకు రెండు దిశల్లోనూ కావాలి. సీసాకు తొడిగి వేడిగాలితో బిగించే స్లీవ్ లేబుల్ అడ్డంగా మాత్రమే ముడుచుకోవాలి. పొడవునా ముడుచుకుంటే ముద్రించిన బొమ్మ కిందికి కుంగుతుంది. ఈ లెక్క తేలకుండా రెండు దిశల్లో సాగదీసే లైను మీద పెట్టుబడి పెట్టడం వృథా ఖర్చు.

ముడుచుకోవడం. సాగదీసిన ఫిలిం మళ్లీ వేడెక్కితే పాత కొలతకు వెళ్లాలని చూస్తుంది. ష్రింక్ ఫిలింకు ఆ గుణమే ప్రాణం. ముద్రణకు, ల్యామినేషన్‌కు, మెటలైజింగ్‌కు (లోహపు పూతకు) వెళ్లే ఫిలింకు అదే శత్రువు. దీన్ని అదుపుచేసేది సాగదీత తర్వాత వచ్చే అనీలింగ్ భాగం, అంటే వేడిలో ఫిలింను కుదురుకోనిచ్చే చోటు. యంత్రాల మధ్య అసలు తేడా బయటపడేది ఇక్కడేనని నా అభిప్రాయం. రెట్ల గురించి గంటసేపు అడిగేవారు అనీలింగ్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

రెసిన్ (ముడి ప్లాస్టిక్) ఇచ్చే ఉష్ణోగ్రత వెసులుబాటు. పెట్ (నీళ్ల సీసాలు చేసే పాలిస్టర్) సుమారు 75 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది, 255 దగ్గర కరుగుతుంది. కరిగే హద్దుకు బాగా దూరంగానే దాన్ని సాగదీయవచ్చు. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల చుట్టుపక్కల కరుగుతుంది, దాన్ని అడ్డంగా సాగదీయవలసిందీ దాదాపు అక్కడే. కాస్త వేడి తగ్గితే తెగుతుంది, కాస్త పెరిగితే బలం రాదు. మామూలు పాలీఎథిలీన్‌కు ఈ వెసులుబాటు మరీ ఇరుకు. అందుకే అడ్డంగా సాగే పాలీఎథిలీన్ కోసం ప్రత్యేకమైన రెసిన్ రకాలు వాడతారు. నైలాన్ 6 కథ వేరు. దాని గొలుసుల మధ్య హైడ్రోజన్ బంధాలు ఉంటాయి. పొడవునా సాగదీయగానే అవి బిగుసుకుని, ఆ తర్వాత అడ్డంగా లాగడాన్ని కష్టం చేస్తాయి.

లోపలికి వచ్చే ఫిలిం నాణ్యత. ఒక అంచు నుంచి ఇంకో అంచు వరకు మందంలో 5 శాతం తేడా ఉన్న ఫిలింను రోలర్ల మీద సాగదీస్తే, పలుచబడ్డాక కూడా ఆ 5 శాతం తేడా అలాగే మిగులుతుంది. రోల్ మీద వేల చుట్లు పడ్డాక అది గట్టి పట్టీలా ఉబ్బి కనిపిస్తుంది. డై, గేజ్ (మందం) నియంత్రణ సరిగా లేని లైనుకు సాగదీత యూనిట్ తగిలించడం కంటే ముందు వాటిని బాగుచేసుకోవడం మేలు.

రకాల మార్పు, అంచుల వ్యర్థం, స్థలం గురించి ఒక్కో పద్ధతి దగ్గర చెబుతాను.

## ఎండీఓ: రోలర్ల మీద పొడవునా

వేడిచేసే రోలర్లు, నెమ్మదిగా తిరిగే రోలర్, దాని పక్కనే వేగంగా తిరిగే రోలర్, తర్వాత అనీలింగ్ రోలర్లు, చివర చల్లార్చే రోలర్లు. యంత్రమంటే ఇంతే. రెండు రోలర్ల వేగాల నిష్పత్తే సాగుదల నిష్పత్తి. దీన్ని బ్లోన్ లేదా కాస్ట్ లైను చివర నేరుగా కలపవచ్చు, విడిగా రోల్ విప్పి నడపవచ్చు. రైఫెన్‌హౌజర్ సంస్థ ఇంకో దారి పట్టి, సాగదీత భాగాన్ని బుడగ పైనున్న, ఫిలింను లాగే హాల్‌-ఆఫ్‌లోనే అమర్చింది. ఫిలింలో మిగిలిన వేడి అక్కడ పనికొస్తుంది, మళ్లీ మొదటి నుంచి వేడిచేసే ఖర్చు తగ్గుతుంది.

పెట్టుబడి తక్కువ, స్థలం తక్కువ, నేర్చుకోవడం తేలిక. ఉన్న లైనుకు విలువ జోడించాలనుకునే వారికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. అయినా మూడు ఇబ్బందులు ముందే తెలియాలి.

మొదటిది వెడల్పు తగ్గడం. పొడవునా లాగినప్పుడు ఫిలిం అడ్డంగా కుంచించుకుంటుంది, అంచులు మందమెక్కుతాయి. 100 మైక్రాన్ల ఫిలింను 5 రెట్లు సాగదీస్తే 20 మైక్రాన్లు రావాలి. వెడల్పు 10 శాతం తగ్గితే సగటున వచ్చేది 22 మైక్రాన్ల పైచిలుకు. 1,500 మిల్లీమీటర్ల ఫిలిం 1,350కి దిగుతుంది, అందులోనూ మందమైన అంచులు కోసి తీసేయాలి. రెండు సాగదీత రోలర్ల మధ్య ఖాళీ ఎంత తక్కువగా ఉంటే ఈ నష్టం అంత తగ్గుతుంది. కాబట్టి ఆ ఖాళీ ఎంతో, దాన్ని సర్దుకోవచ్చో లేదో అడగండి.

రెండోది చారలు. ప్రతి రెసిన్‌కూ ఆ ఉష్ణోగ్రతలో సహజంగా సాగే ఒక నిష్పత్తి ఉంటుంది. అంతకంటే తక్కువ సాగదీస్తే కొన్ని చోట్ల పూర్తిగా సాగి, కొన్ని చోట్ల అసలు సాగక, ఫిలిం అడ్డంగా పులిచారలు పడుతుంది. హెచ్‌డీపీఈ అనే గట్టిరకం పాలీఎథిలీన్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. చారలు పోవాలంటే ఆ నిష్పత్తిని దాటాలి, తెగే నిష్పత్తికి ఇవతలే ఆగాలి. ‘మాకు రెండు రెట్లు చాలు, చిన్న యంత్రం ఇవ్వండి’ అనేవారు చిక్కుకునేది ఇక్కడే.

మూడోది నిలువునా చీలడం. గొలుసులన్నీ ఒకే వైపు బారులు తీరాయి కాబట్టి ఆ దిశలో చిరుగు సులువుగా పరుగెత్తుతుంది, గుచ్చుకుంటే ఆగే శక్తీ తగ్గుతుంది. పై పొరల్లో బాగా సాగే పాలీఎథిలీన్ రకమైన ఎల్‌ఎల్‌డీపీఈ కలపడం, నిష్పత్తి కాస్త తగ్గించడం వంటి ఉపాయాలతో దీన్ని సవరించవచ్చుగానీ పూర్తిగా పోగొట్టలేం. తేలిగ్గా చించి తెరవాల్సిన సాషేకు మాత్రం ఇదే గుణం వరమవుతుంది.

ఎండీఓ నిజంగా రాణించే ఇంకో చోటు గాలి ఆడే ఫిలిం. పాలీఎథిలీన్‌లో కాల్షియం కార్బొనేట్ పొడి బాగా కలిపి సాగదీస్తే ప్రతి రేణువు చుట్టూ సూక్ష్మమైన ఖాళీ ఏర్పడుతుంది. తేమ ఆవిరి దాటుతుంది, నీళ్లు దాటవు. డైపర్ల వెనుక పొర ఇలాగే తయారవుతుంది. ఈ పనికే ఒకదానిలో ఒకటి ఇమిడే గాడుల రోలర్లు కూడా ఉన్నాయి. అవి ఫిలింను చిన్నచిన్న మెట్లలో అడ్డంగా సాగదీస్తాయి. టెంటర్ ఖర్చు లేకుండా అడ్డంగా కొంత సాగుదల చాలనుకునే పరిశుభ్రతా ఉత్పత్తుల వారు వాటినీ చూడాలి.

## వరుస టెంటర్: ముందు పొడవునా, తర్వాత అడ్డంగా

బీఓపీపీ, బీఓపెట్ (రెండు దిశల్లో సాగదీసిన పాలీప్రొపిలీన్, పెట్) అనే పేర్లతో బజారులో దొరికే ఫిలింలో అధిక భాగం ఈ దారిలోనే వస్తుంది. చిల్ రోల్ (చల్లని రోలర్) మీద మందమైన షీటు పోసి, రోలర్ల మీద పొడవునా సాగదీసి, రెండు అంచులనూ క్లిప్పులతో పట్టుకుని ఓవెన్‌లోకి తీసుకెళతారు. ఓవెన్‌లో పట్టాలు విచ్చుకుంటూ పోతాయి, ఫిలిం అడ్డంగా సాగుతుంది. ఆ తర్వాతి గదుల్లో అనీలింగ్, చల్లార్చడం.

పాలీప్రొపిలీన్‌కు పొడవునా సుమారు 5 రెట్లు, అడ్డంగా 8 నుంచి 10 రెట్లు మామూలు. పెట్‌కు రెండు దిశల్లోనూ 3 నుంచి 4 రెట్లు. అంటే 20 మైక్రాన్ల బీఓపీపీ కావాలంటే 5, 9 రెట్ల లెక్కన సుమారు 900 మైక్రాన్ల షీటు పోయాలి. దాన్ని ఏకరీతిగా చల్లార్చడమే ఒక పెద్ద పని. పెట్‌ను సాగదీశాక 200 డిగ్రీలు దాటిన వేడిలో కుదురుస్తారు కాబట్టే తర్వాత ముద్రణలోనూ మెటలైజింగ్‌లోనూ అది కదలకుండా నిలుస్తుంది.

ఈ లైన్ల బలం ఉత్పత్తి. ఒక లెక్క చూడండి: 8 మీటర్ల వెడల్పు, 20 మైక్రాన్ల మందం, నిమిషానికి 400 మీటర్ల వేగం. పాలీప్రొపిలీన్ సాంద్రత 0.905తో లెక్కిస్తే నిమిషానికి దాదాపు 58 కిలోల ఫిలిం. బలహీనతా ఈ అంకెలోనే ఉంది. ఓవెన్‌లో ఫిలిం తెగి, తిరిగి ఎక్కించడానికి 20 నిమిషాలు పడితే 1,150 కిలోలకు పైగా సరుకు పోయినట్టే. ఈలోగా ప్లాస్టిక్‌ను కరిగించి తోసే ఎక్స్‌ట్రూడర్ ఆగదు, షీటు గ్రైండర్‌లోకి పోతూనే ఉంటుంది. అందువల్ల ఈ పద్ధతిలో గరిష్ఠ వేగం కంటే ఎంతసేపటికి ఒకసారి తెగుతుందన్నది ముఖ్యం. రకం మార్చినప్పుడల్లా ఇదే నష్టం తిరిగి వస్తుంది. ఒకే సరుకు రోజుల తరబడి నడిపేంత గిరాకీ లేనివారు దీని జోలికి వెళ్లకపోవడం మంచిది.

అంచుల సంగతి కూడా చెప్పాలి. క్లిప్పు పట్టుకున్న భాగం సాగదు, మందంగానే ఉండిపోతుంది. చూడటానికి సన్నని పట్టీయే అయినా బరువులో ఎక్కువ. ఒకే పాలిమర్ అయితే పొడి చేసి అక్కడికక్కడే ఎక్స్‌ట్రూడర్‌కు పంపుతారు. వేర్వేరు పాలిమర్ల పొరలున్న ఫిలిం అయితే అంత సులువుగా తిప్పి వాడలేరు. గాలి, తేమను ఆపే బ్యారియర్ పొరలు వేయాలనుకునేవారు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

టెంటర్‌కు పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. ఓవెన్‌లోకి వెళ్లే ముందు ఫిలిం మీద మార్కర్‌తో అడ్డంగా తిన్నని గీత గీయండి. బయటికి వచ్చేసరికి అది విల్లులా వంగి ఉంటుంది. అంచులను క్లిప్పులు లాక్కుపోతాయి, మధ్య భాగం వెనకబడుతుంది. ఫలితంగా మధ్యలో కోసిన రోల్‌కూ అంచు దగ్గర కోసిన రోల్‌కూ గుణాలు ఒకేలా ఉండవు. మామూలు ప్యాకింగ్‌కు ఇది పట్టించుకోదగ్గ విషయం కాకపోవచ్చు. తెరల్లో వాడే ఆప్టికల్ ఫిలింకు మాత్రం పెద్ద సమస్య. అమ్మేవారి ట్రయల్‌లో ఈ గీత గీయించి, వంపు ఎంతో కొలవండి.

అడ్డంగా మాత్రమే సాగదీసే టెంటర్లు కూడా దొరుకుతాయి. స్లీవ్ లేబుళ్ల పీవీసీ, పెట్‌-జీ ఫిలిం చేసేవారికి అవే సరైనవి.

## ఏకకాల టెంటర్: రెండు దిశలూ ఒకేసారి

ఇందులో క్లిప్పులు అంచులను పట్టుకుని విడిపోతూనే, తమ మధ్య దూరాన్నీ పెంచుకుంటూ పోతాయి. ఫిలిం ఒకేసారి నాలుగు వైపులా సాగుతుంది. ఈ పనిని యాంత్రికమైన మడత చట్రాలతో చేసే రకాలున్నాయి, లీనియర్ మోటార్లతో క్లిప్పులను నడిపే రకమూ ఉంది. జర్మనీకి చెందిన బ్రూక్నర్ సంస్థ లిసిమ్ అనే పేరుతో రెండో రకాన్ని తెచ్చింది. యాంత్రిక చట్రంలో నిష్పత్తులు చాలావరకు దాని నిర్మాణానికి కట్టుబడి ఉంటాయి. లీనియర్ మోటార్ రకంలో సాగుదల తీరును కంప్యూటర్ నుంచే మార్చుకోవచ్చు.

లాభాలు నిజంగా గొప్పవి. వేడి రోలర్ల మీద లాగడం లేదు కాబట్టి గీతలు పడవు. నైలాన్ బిగుసుకునేలోపే రెండు దిశలూ సాగిపోతాయి. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది మరొకటి: ఓవెన్‌లోనే ఫిలింను పొడవునా కూడా కాస్త సడలనివ్వవచ్చు. వరుస టెంటర్‌లో క్లిప్పుల మధ్య దూరం మారదు కాబట్టి అడ్డంగా సడలించడం సులువు, పొడవునా కష్టం. రెండు దిశల్లోనూ ముడుచుకోవడం చాలా తక్కువగా ఉండాలన్న షరతు మీ కొనుగోలుదారు పెడితే ఈ ఒక్క తేడాయే నిర్ణయాన్ని మార్చేస్తుంది.

ధర, యంత్రంలోని జటిలత, దాన్ని నిలబెట్టే ఇంజినీర్ల కొరత దీని నష్టాలు. చౌక ప్యాకింగ్ ఫిలింతో ఈ పెట్టుబడి తిరిగి రాదు. నైలాన్, ఆప్టికల్ ఫిలిం, అతి పలుచని కెపాసిటర్ ఫిలిం, తడి పద్ధతిలో చేసే బ్యాటరీ సెపరేటర్ (ధ్రువాలను వేరుచేసే సన్నరంధ్రాల పొర) వంటివాటికే దీన్ని ఆలోచించాలి. సెపరేటర్‌ను పొడి పద్ధతిలో చేసేవారికి ఇది అక్కర్లేదు. అక్కడ ఫిలింను ముందు చల్లగా, తర్వాత వేడిగా ఒకే దిశలో లాగితే రంధ్రాలు తెరుచుకుంటాయి, ఆ పనికి రోలర్లు చాలు.

## డబుల్ బబుల్, ట్రిపుల్ బబుల్

మందమైన గొట్టాన్ని తీసి వెంటనే నీళ్లతో చల్లార్చి, మళ్లీ వేడిచేసి, ఫిలింను నొక్కి పట్టే రోలర్ల జతలైన రెండు నిప్‌ల మధ్య గాలితో ఉబ్బిస్తారు. గాలి అడ్డంగా సాగదీస్తుంది, నిప్‌ల వేగంలోని తేడా పొడవునా సాగదీస్తుంది. క్లిప్పులు లేవు కాబట్టి మందమైన అంచుల వ్యర్థం లేదు. రెండు దిశలూ ఒకేసారి, దాదాపు సమంగా సాగుతాయి. మాంసం, చీజ్ చుట్టే బ్యారియర్ ష్రింక్ సంచులకు, పెట్టెల మీద బిగించే పాలీఓలెఫిన్ ష్రింక్ ఫిలింకు ఇది సహజమైన దారి. ఖరీదైన బ్యారియర్ పొరలున్న ఫిలింలో అంచు వ్యర్థం లేకపోవడం చిన్న లాభమేమీ కాదు.

రెండో బుడగ దగ్గరే ఆపితే ఫిలింలో ముడుచుకునే గుణం నిండుగా మిగులుతుంది. మూడో బుడగను జోడిస్తే, గాలి నింపి కొలత చెదరకుండా పట్టుకుని అనీలింగ్ చేయవచ్చు. అప్పుడు ముడుచుకోవడం కావలసినంతకు తగ్గించుకోవచ్చు, ముద్రణకూ ల్యామినేషన్‌కూ పనికొస్తుంది. ష్రింక్ ఫిలిం, స్థిరమైన ఫిలిం రెండూ ఒకే లైను మీద చేయాలనుకునేవారికి ఈ మూడో బుడగ అదనపు ఖర్చుకు తగ్గ విలువ ఇస్తుంది.

మందం ఏకరీతిగా రావడంలో, వెడల్పులో, వేగంలో బబుల్ లైను టెంటర్‌తో పోటీపడలేదు. బుడగ నిలకడ గాలి ఒత్తిడి, నీళ్ల ఉష్ణోగ్రత, ఆపరేటర్ చేతి నేర్పు మీద ఆధారపడుతుంది. బుడగ పగిలితే మళ్లీ నిలబెట్టడం అనుభవం ఉన్నవారికే చేతనవుతుంది. అలాగని దీన్ని రెండో తరగతి పద్ధతిగా చూడటం తప్పు. పాలిమర్ కరెన్సీ నోట్లకు ఆధారమైన పాలీప్రొపిలీన్ ఫిలింలో పేరొందిన రకం ఒకటి బబుల్ పద్ధతిలోనే తయారవుతుంది.

## పక్కపక్కన

| అంశం | ఎండీఓ | వరుస టెంటర్ | ఏకకాల టెంటర్ | డబుల్, ట్రిపుల్ బబుల్ |
|---|---|---|---|---|
| బలం | పొడవునా | రెండు దిశలూ, వేర్వేరుగా | రెండు దిశలూ, సర్దుకోవచ్చు | రెండు దిశలూ, దాదాపు సమం |
| ముడుచుకోవడంపై అదుపు | మధ్యస్థం | అడ్డంగా బాగుంటుంది | రెండు దిశల్లోనూ బాగుంటుంది | డబుల్‌లో తక్కువ, ట్రిపుల్‌లో బాగుంటుంది |
| పెట్టుబడి | తక్కువ | చాలా ఎక్కువ | అన్నిటికంటే ఎక్కువ | మధ్యస్థం |
| తరచూ రకం మార్చడం | సులువు | నష్టం | నష్టం | ఫరవాలేదు |
| అంచు వ్యర్థం | కొంత | ఎక్కువ | ఎక్కువ | చాలా తక్కువ |
| మందం ఏకరీతి | వచ్చే ఫిలింను బట్టి | చాలా బాగుంటుంది | చాలా బాగుంటుంది | ఒక మోస్తరు |

## ఎవరికి ఏది

బ్లోన్ లైన్లు ఉండి, రీసైక్లింగ్‌కు వీలైన పూర్తి పాలీఎథిలీన్ పౌచ్ చేయాలనుకునేవారు ఎండీఓ వైపు మొగ్గడం సరైనదే. బీఓపెట్ పొర స్థానంలో ఎండీఓ పాలీఎథిలీన్ ముద్రణకు కావలసిన బిగువు ఇస్తుంది. సీలింగ్ దవడల వేడికి మాత్రం పెట్ అంత తట్టుకోదు. ప్యాకింగ్ యంత్రం మీద ఉష్ణోగ్రత తగ్గించుకోవలసి వస్తుందని కొనుగోలుదారుకు ముందే చెప్పాలి. బరువైన సరుకు, మొనలున్న సరుకు నింపే పౌచ్‌కు రెండు దిశల్లో సాగిన బీఓపీఈ మేలు. దానికోసం టెంటర్ పెట్టడం కంటే ఆ ఫిలింను కొనుక్కుని ల్యామినేట్ చేసుకోవడం చాలామందికి తెలివైన పని.

పెద్ద ఎత్తున ఒకేరకం ప్యాకింగ్ ఫిలిం అమ్మేవారికి వరుస టెంటర్‌ను మించినది లేదు. పాలీప్రొపిలీన్‌తో పాటు బీఓపీఈ కూడా నడపాలన్న ఆలోచన ఉంటే, లైను కొనే ముందే రెండింటికీ సరిపడేలా ఓవెన్, రోలర్ల ఉష్ణోగ్రత హద్దులు రాయించుకోండి.

చిన్న ఆర్డర్లు, ఎక్కువ పొరలు, ఆహార సంచులు అయితే బబుల్. మధ్యలో ఊగిసలాడేవారికి నా సలహా ట్రిపుల్ బబుల్. మూడో బుడగను తర్వాత చేర్చుకుందామనుకుంటే కనీసం దానికి ఎత్తు, స్థలం ఇప్పుడే వదిలిపెట్టండి.

కొత్త పాలిమర్ మీద పనిచేస్తూ ఏ దారీ తేల్చుకోలేనివారు యంత్రం సంగతి పక్కన పెట్టి, ప్రయోగశాల సాగదీత పరికరంతో మొదలుపెట్టాలి. బ్రూక్నర్ వారి కారో వంటివి చిన్న చదరపు ముక్కను వరుసగానూ ఏకకాలంలోనూ సాగదీసి చూపిస్తాయి. కొద్ది కిలోల రెసిన్‌తోనే ఉష్ణోగ్రత హద్దులు, తెగే నిష్పత్తి తెలిసిపోతాయి. అయితే అక్కడి వేగం లైను వేగం కాదు. ఆ ఫలితాన్ని పైలట్ లైను మీద మరోసారి సరిచూడకుండా సంతకం చేయకండి.

## పాత లైను కొంటున్నారా?

టెంటర్ అయితే గొలుసు, పట్టాల అరుగుదల చూడండి. అరిగిన గొలుసు వేగం పెరిగేకొద్దీ అదురుతుంది, ఫిలిం తెగుతుంది, పైగా దాని నూనె చుక్కలు ఫిలిం మీద పడతాయి. క్లిప్పుల పట్టు ఒక్కొక్కటిగా పరీక్షించండి, ఒక్క వదులు క్లిప్పు చాలు ప్రతి చుట్టులోనూ అదే చోట తెగడానికి. ఓవెన్‌లో ఒక అంచు నుంచి ఇంకో అంచుకు ఉష్ణోగ్రత ఎంత మారుతోందో కొలిపించండి. ఎండీఓ అయితే రోలర్ల పైపూత గీతలు, నూనె మార్గాల్లో పేరుకున్న మసి, రోలర్ తిరిగేటప్పుడు వచ్చే ఊగు చూడాలి. అన్నిటికీ ముందు మీ సొంత రెసిన్ తీసుకెళ్లి, మీకు కావలసిన మందంలో కనీసం ఒక పూర్తి షిఫ్టు ఆపకుండా నడిపించి, వచ్చిన రోల్‌ను మధ్యలోనూ రెండు అంచుల్లోనూ కోసి ముడుచుకోవడం కొలవండి. ఆ మూడు ముక్కల ఫలితాలు దగ్గరగా లేకపోతే ధర ఎంత తగ్గించినా ఆ లైను మీకు వద్దు.